ఎనిమిది అడుగుల దోనె

1976 ఆగస్టు 9, సోమవారం, పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు మా వీధి మొదట్లో జీపు ఆగింది. గోడ గడియారం చూసి రాసుకున్నాను కాబట్టి చెబుతున్నాను. నీలం అట్ట నోటుబుక్కు, వంద పేజీలది, ఇంకా నా దగ్గరే ఉంది. ఏ పని మొదలుపెట్టినా తేదీ, టైము, కొలత రాసుకోవడం నాకు అలవాటు. "నువ్వు కచేరీల పుట్టవలసినదానివి, తప్పిపోయి మా ఇంట్ల పడ్డవు" అని మా అత్తమ్మ దెప్పేది. దెప్పనీ. ఆ పుస్తకం లేకపోతే ఈ మాటలు రాసే ధైర్యం నాకు ఉండేది కాదు. జ్ఞాపకాన్ని ఎవరైనా కొట్టిపారేస్తారు, కొలతను అంత తేలిగ్గా కొట్టిపారేయలేరు.

వరంగల్‌లో మాది జంపఖానాలు నేసే వీధి. నేను చెప్పేది మా ఒక్క వీధి సంగతే, ఊరంతటి సంగతి నాకు తెలియదు. ఆనాడు మా వీధిలో ఇరవై మూడు వెడల్పు మగ్గాలు ఉండేవి. వెడల్పు మగ్గం అంటే ఒకరు నేసేది కాదు. గుంతలో కాళ్లు పెట్టుకుని ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఎడమ వైపు మనిషి నాడె విసిరితే కుడి వైపు మనిషి అందుకోవాలి, మళ్లీ తిప్పి పంపాలి. పోగును బిగించి కొట్టే పన్నెను ఇద్దరూ ఒకే దెబ్బకు లాగాలి. ఒకరు ముందు, ఒకరు వెనక లాగితే జంపఖానా ఒక పక్క గట్టిగా, ఒక పక్క వదులుగా వస్తుంది, పరిస్తే నేల మీద పడవలా లేస్తుంది. నేసిన బట్టను చుట్టే దుంగను మేం దోనె అంటాం. మా ఇంటి దోనె ఎనిమిది అడుగులు. మా మామ పాలంపేట వైపు అడవి నుంచి టేకు తెప్పించి చేయించిన ఒంటి దుంగ. దాని మీద ఏడున్నర అడుగుల వెడల్పు జంపఖానా దిగేది.

మామ ఉన్నప్పుడు ఆయనా మా బావా, అంటే మా ఆయన అన్న, ఆ మగ్గం మీద కూర్చునేవాళ్లు. మామ పోయాక బావ ఆర్డర్ల కోసం ఊళ్లు తిరగడం పట్టాడు. మా ఆయనది నూలుకు రంగులు అద్దే పని. అందుకని 1971 నుంచి మగ్గం మీద కూర్చున్నది మేమిద్దరం. కుడి వైపు మా తోడికోడలు, నేను అక్కా అని పిలిచేదాన్ని. ఎడమ వైపు నేను.

జీపు దిగిన చేనేత ఆఫీసు సారు చేతిలో టేపు, చంకలో ఫారాల కట్ట ఉన్నాయి. మంచి మనిషే, మా అరుగు మీదే కూర్చుని ఓపికగా చెప్పాడు. బజార్లో నూలు దొరకడం లేదు, దొరికినా ధర మీ చేతికి అందదు. ఇకనుంచి సర్కారే నూలు ఇస్తుంది, పేదవాళ్లు కట్టుకునే చౌకబట్ట ఏ కొలతలో నేయాలో సర్కారే చెబుతుంది, నేసినదంతా సర్కారే కొంటుంది. మిల్లుల ముందు చేతిమగ్గం నిలబడాలంటే ఎవరో ఒకరు దారి చూపించాలి కదా, ఆ బాధ్యత సర్కారుది. ఇదీ ఆయన మాట. నాకు సబబుగానే అనిపించింది. ఇప్పుడు కూడా అందులో సగం సబబే అంటాను.

నూలు మగ్గానికి నెలకు ఒక కట్ట. ఫారంలో ఒక మగ్గానికి ఒక గడి. ఆ గడిలో నేతగాడి పేరు రాయాలి. సారు మా బావ పేరు రాశాడు.

"సారూ, ఆయన మగ్గం ఎక్కక ఐదేండ్లయింది," అన్నాను.

"మరి నేసేదెవరమ్మా?"

"నేనూ, మా అక్కనూ."

"ఒక మగ్గానికి ఒక నేతగాడమ్మా. రూలు అది. ఒకరి పేరు చెప్పండి."

"అయితే సగం పేరు నాది, సగం పేరు మా అక్కది రాయుండ్రి."

జీపు డ్రైవరు నవ్వాడు. సారు నవ్వలేదు. "ఇద్దరికీ నూలు కావాలంటే రెండు మగ్గాలుండాలి. మీ ఇంట్లో ఉన్నది ఒకటే," అని బావ పేరే ఉంచి ముందుకు పోయాడు. రెండో గడి కావాలని ఆ రోజు నేను మూడు సార్లు అడిగాను. అది కూడా రాసుకున్నాను.

సారు ఆ మాట మామూలుగా అన్నాడు. మా వీధి దాన్ని ఉపాయంగా పట్టుకుంది. రెండు మగ్గాలుంటే రెండు కట్టలు. ఎనిమిది అడుగుల దోనెను నడిమికి కోస్తే నాలుగు అడుగులవి రెండు. నలభై ఎనిమిది అంగుళాలు, చౌకబట్టకు సరిపోను వెడల్పు. ఒక్క మగ్గం రెండు మగ్గాలవుతుంది, ఒక్క పేరు రెండు పేర్లవుతుంది. సర్కారును మనం మోసం చేస్తున్నామని మా వాళ్లు సంబరపడ్డారు. వారం తిరగకముందే వడ్రంగి పని చేసే వడ్లాయన రంపం పట్టుకుని మా వీధిలో దిగాడు. దసరా నాటికి ఇరవై మగ్గాలు కోశాడు. రంపం ఒక్కో దోనెలో పావు అంగుళం తినేది. పొట్టును పిల్లలు ముగ్గులకు ఎత్తుకుపోయేవాళ్లు.

మా ఇంట్లోనూ మాట లేచింది. బావ లెక్క కూడా తప్పేమీ కాదు, ఒక కట్టకు రెండు కట్టలు. నేను ఒప్పుకోలేదు. కారణం అడిగితే ఆనాడు పెద్దగా చెప్పలేకపోయాను. "ఎనిమిది అడుగులది కోస్తే నాలుగు అడుగులదైతది. నాలుగు అడుగులవి రెండు కలిపితే ఎనిమిది అడుగులది కాదు బావా" అన్నాను. "ఎవలడిగిన్రు ఎనిమిది అడుగులు? అడిగేటోడు సర్కారు. సర్కారు నాలుగే అడుగుతాంది" అన్నాడు. ఆ రోజుకు ఆయన మాటే నెగ్గింది.

అక్టోబరు 2, శనివారం, వడ్లాయన మా వాకిట్లోకి వచ్చాడు. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగుల వరుస ఉంది, ఇంకా తొమ్మిది అడుగులు నేయాలి. పడుగు ఎక్కి ఉన్న మగ్గాన్ని మాలో ఎవరూ తాకరు. చావు వచ్చినా పడుగు తెంపరు, దాన్ని నేసి దించాల్సిందే. బావ మెల్లగా "తెంపుదాం తీయ్, ఎంతున్నదని" అన్నాడు. వడ్లాయన రంపం కింద పెట్టేశాడు.

"నాకు పిల్లలున్నరు పెద్దమనిషీ. పడుగు మీద రంపం పెట్టను. నువ్వు తెంపు, అప్పుడు కోస్త."

"నువ్వే తెంపయ్యా," అంది అక్క తన మొగుడితో, గుంతలోంచి లేవకుండానే. "నీ తండ్రి చేయించిన మగ్గమాయె. నీ చెయ్యే మంచిది."

బావ తెంపలేదు. మా ఆయనను, వడ్లాయనను సాక్ష్యం పెట్టి తీర్పు చెప్పాడు. "ఈ పడుగు అయినంక కోసుడే. ఇగ మాట లేదు." సరే అన్నాం. తొమ్మిది అడుగులంటే మాకు నాలుగు రోజుల పని. వడ్లాయనను 6వ తేదీ, బుధవారం రమ్మన్నారు.

సోమవారం పొద్దున బావ ఆర్డర్ల కోసం రైల్లో నెక్కొండ పోయాడు. రెండు రోజులు అక్కడే. మేం నేస్తూనే ఉన్నాం. మంగళవారం పొద్దున పది దాటాక, ఇంక జానెడు పడుగు మిగిలిందనగా, అక్క నాడె పట్టుకుని ఆగింది.

"చెల్లే, పడుగు అయినంక అన్నడు కదా."

"అన్నడు."

"కాకపోతే?"

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అక్క బడికి పోలేదు, నేను ఏడు చదివాను. అయినా ఆ ఆలోచన అక్కదే. పాత పడుగు కొసలు మగ్గం మీద ఉండగానే, ఒక్కో పోగుకు కొత్త పోగు ముడి వేస్తే పడుగు అయిపోయినట్టు కాదు, అదే సాగుతున్నట్టు. నేతలో అది మామూలు పనే, పన్నెలో పోగులు మళ్లీ ఎక్కించుకునే శ్రమ తప్పించుకోవడానికి చేస్తాం. మేం దాన్ని రంపం తప్పించుకోవడానికి చేశాం.

కావలసింది నూలు. మా ఆయన వేరే ఇళ్ల నూలుకు రంగులు వేసినప్పుడు కూలి కింద మిగిలిన నూలు చుట్టలు, చిలపలు ఇచ్చేవాళ్లు. అవి దూలానికి వేలాడుతుండేవి. ఎరుపు, పచ్చ, నీలం, ఆకుపచ్చ, ఏ రెండూ ఒకటి కావు. జంపఖానాలో ఉన్న సుఖం ఏమిటంటే పడుగు పైకి కనబడదు, అడ్డంగా నేసే పేక దాన్ని పూర్తిగా కప్పేస్తుంది. మా ఆయన అన్నకు ఎదురు చెప్పే మనిషి కాదు. ఆ రోజు చిలపలన్నీ దించి మా ముందు పెట్టి, పడుగు సాగదీయడానికి వీధిలో గుంజలు పాతి, పని ఉందని బయటికి పోయాడు.

అంగుళానికి ఎనిమిది పోగులు, తొంభై అంగుళాలు, మొత్తం ఏడు వందల ఇరవై. మనిషికి మూడు వందల అరవై ముడులు. నిమిషానికి ఐదు ముడుల చొప్పున గంటా పన్నెండు నిమిషాలు కావాలి. నాకు గంటా ఇరవై పట్టింది, అక్క నాకంటే ముందే ముగించి నా వైపు ఇరవై వేసింది. సాయంత్రం నాలుగింటికి కొత్త పడుగు మగ్గం మీద ఉంది. అరవై అడుగులది.

బుధవారం పొద్దున ఎనిమిదింటికి బావా వడ్లాయనా కలిసే వచ్చారు. ఇద్దరం గుంతలో కూర్చుని నేస్తున్నాం.

"ఇదేందే?" అన్నాడు బావ.

"పడుగు," అంది అక్క.

"అయినంక కోసుడన్నం కదా!"

"అయితే కోద్దువు. ఇంకా కాలేదు."

వడ్లాయన వంగి ముడుల వరుస చూశాడు. చూసి మా అరుగు మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాడు. "పెద్దమనిషీ, సాక్ష్యం పెట్టినవు కాబట్టి చెప్పాలె. పడుగు తెగలే. అదే పడుగు." ఆయనకు చాయ్ ఇచ్చి పంపాం. బావ ఆ పూట ఇంట్లో తినలేదు.

ఇలా అరవై ఒక్క సార్లు ముడి వేశాం. అరవై ఒకటిని ఏడు వందల ఇరవైతో గుణిస్తే నలభై మూడు వేల తొమ్మిది వందల ఇరవై ముడులు. వీధిలో అదొక హాస్యమైపోయింది. ఎవరైనా పని వాయిదా వేస్తే "వాళ్లింట్ల పడుగు అయినంక చేస్తడట" అనేవాళ్లు. బావ వారానికోసారి గుమ్మంలో నిలబడి "పడుగు అయిందా?" అని అడిగేవాడు. "కాలే బావా" అనేదాన్ని. మొదట్లో ఆ ప్రశ్నలో కోపం ఉండేది. తర్వాత అది పలకరింపైంది.

కోపం ఉన్నన్నాళ్లు మాత్రం ఊరికే లేదు. 1978 మార్చిలో ఇల్లు వేరు పడింది. పక్క వీధిలో ఎవరో అమ్మిన రెండు సగం మగ్గాలు తెచ్చి బావ తన వాటా గదిలో వేసుకున్నాడు. ఒకటి తన పేరున, ఒకటి అక్క పేరున. అట్లా అక్క పేరు మొదటిసారి సర్కారు ఫారంలో ఎక్కింది. మధ్యాహ్నం దాకా అక్క చౌకబట్ట నేసేది, రెండింటికి వచ్చి ఐదింటి దాకా నా పక్కన కూర్చునేది. "అక్కడ నేనొక్కదాన్నే చెల్లే. తప్పు పడితే తిట్టేటందుకు గూడ మనిషి లేదు" అనేది. మూడు గంటల్లో మాకు అడుగు దిగేది. మిగతా ఇళ్లలో మూడేళ్లకో ఐదేళ్లకో కొత్త పెంకులు, సైకిళ్లు వచ్చాయి. మా ఇంటికి రాలేదు. చౌకబట్ట నేయని మగ్గానికి సర్కారు కట్ట కూడా రాలేదు, కూలి చిలపలతోనూ బజార్లో కొన్న నూలుతోనూ నడిపాం. నన్ను మొండిది అన్నారు, బుర్ర తిరిగింది అన్నారు, పెద్దవాళ్ల మాట వినని కోడలు అన్నారు. ఆ మూడు మాటల్లో మొదటిది నిజం.

మా జంపఖానాలు ఎవరు కొన్నారో కూడా చెప్పాలి. పెండ్లి మంటపాల వాళ్లు కొన్ని. ఎక్కువ మటుకు బడులు, హాస్టళ్లు. సర్కారు బడుల్లో బెంచీలు ఉండేవి కావు, పిల్లలు కింద కూర్చునేవాళ్లు. వాళ్ల కిందికి ఏడున్నర అడుగుల వెడల్పు కావాలి. అది వీధిలో నేసేది మేమొక్కరమే. మిగతా రెండు వెడల్పు మగ్గాలు కూడా 1977 ఉగాది నాటికి కోసేశారు.

మా నేతగాళ్ల సొసైటీ ఆఫీసులో పేపర్ వచ్చేది, మధ్యాహ్నం పోయి చదివేదాన్ని. అందులో మాటలు మారడం నేను నెమ్మదిగా గమనించాను. మొదట్లో ఎటు చూసినా కోటా, కేటాయింపు, లక్ష్యం, రక్షణ. ఎనభై నాలుగు, ఎనభై ఐదు వచ్చేసరికి పోటీ, నాణ్యత, ఎగుమతి, ఎవరి కాళ్ల మీద వాళ్లు. ఒక నెలంతా కూర్చుని ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో గీతలు గీసి లెక్కపెట్టాను కూడా. కోటా పక్కన నాలుగు గీతలు, పోటీ పక్కన ముప్పై ఒకటి. ఏదో రాబోతోందని ఆ గీతలు చూస్తేనే తెలిసింది. ఆ ఏడు సొసైటీ గోదాములో చౌకబట్ట కప్పు దాకా పేరుకుంది, నూలు కట్ట నెలకొకటి కాస్తా రెండు నెలలకొకటైంది.

1986 ఫిబ్రవరి 18, మంగళవారం, మధ్యాహ్నం మూడింటికి మళ్లీ జీపు వచ్చింది. అదే సారు. జుట్టు నెరిసింది, హోదా పెరిగింది. అదే అరుగు మీద కూర్చున్నాడు. అక్కా నేనూ మగ్గంలో ఉన్నాం, లేవలేదు.

"అమ్మా, ఇన్నేళ్లూ ఏం నేయాలో సర్కారే చెప్పింది. అది పొరపాటని ఇప్పుడు పెద్దపెద్ద చదువుకున్నవాళ్లే అంటున్నారు. ఇకమీదట సర్కారు చెప్పదు. మార్కెట్టు చెబుతుంది."

"మార్కెట్టుకు ఫారం ఉన్నదా సారు?" అంది అక్క.

ఉంది. సంచిలోంచి తీశాడు. యజమాని పేరు అని ఒక గడి. ఒక్కటే. నేను దాన్ని చూస్తుంటే ఆయనకు గుర్తొచ్చినట్టుంది, ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"అప్పట్లో పాలసీ అది," అన్నాడు.

"పాలసీ అయితే పోయింది సారూ. దోనెలు రాలె," అన్నాను.

ఆయన తెచ్చిన సంగతి ఎగుమతి ఆర్డరు. రెండు వందల జంపఖానాలు, ఏడున్నర అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, నాలుగు నెలల గడువు. నేను అక్కడికక్కడే లెక్క వేశాను. పూర్తి రోజు కూర్చుంటే ఒక జోడీకి ఐదు రోజులకొకటి. నూరు పనిదినాల్లో ఇరవై. కాబట్టి పది మగ్గాలు, ఇరవై మంది కావాలి. పదేళ్ల కిందట వీధిలో ఇరవై మూడు ఉండేవి. ఇప్పుడున్నది ఒక్కటి, అది ఆయన ముందే ఉంది.

వీధి వీధంతా కదిలింది. కోసిన సగాలను మళ్లీ కలుపుదామని మూడు ఇళ్లవాళ్లు ఇనుప పట్టీలు వేయించారు. ఆ వడ్లాయనే వేశాడు, డబ్బులు తీసుకోలేదు. పడుగు ఎక్కించి బిగించగానే నడుమ అతుకు దగ్గర దుంగ వంగింది. అంచుల్లో బిగువు, మధ్యలో వదులు. నేసింది పరిస్తే నడుమ బొడ్డులా లేచింది. కొత్త దోనెకు టేకు కొనే స్తోమత ఎవరికీ లేదు. మరొకటి ఎవరూ అనుకోనిది. ఆ ఇళ్లలో పదేళ్లు ఒంటరిగా నేసిన అన్నదమ్ములు పక్కపక్కన కూర్చుంటే దెబ్బ కలవలేదు. "నువ్వు ముందుగ లాగుతానవ్" అంటే "నువ్వే ఎనకవడ్డవ్" అని అక్కడే కొట్టుకున్నారు. చేతులు మరిచిపోయాయి.

మార్చి 22, శనివారం, ఈ కొత్త విధానం మీద హన్మకొండలో ఒక హాల్లో సభ పెట్టారు. సారు నన్ను రమ్మన్నాడు. అక్కను తీసుకుని పోయాను. అర్థశాస్త్రం చెప్పే లెక్చరర్ ఒకాయన మైకు ముందు నన్ను చూపించి, "సర్కారు సాయం ఒక్క కట్ట నూలు కూడా తీసుకోకుండా పదేళ్లు తన కాళ్ల మీద నిలబడిన మనిషి, రేపటి మార్గానికి ఈమే ఉదాహరణ" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నన్ను రెండు ముక్కలు మాట్లాడమన్నారు. నోటుబుక్కు తీశాను.

"సార్లందరికి నమస్కారం. సర్కారు లేకుండ నిలవడ్డ అన్నరు. అది అబద్ధం. అప్పటిసంది మేం నేసినయి రెండు వందల డెబ్బై ఐదు. అండ్ల నూట తొంభై ఎనిమిది సర్కారు బడులు, హాస్టళ్లు కొన్నయి. డెబ్బై ఏడు బయటోళ్లు కొన్నరు. సర్కారు కొనకపోతే నా మగ్గం ఎన్నడో పొయ్యిల పడుతుండె. కాబట్టి నన్ను ఉదాహరణ చెయ్యకుండ్రి."

లెక్చరర్ నవ్వుతూ, "అయితే పాత పద్ధతే మంచిదంటారా?" అన్నాడు.

"పాత పద్ధతిల మగ్గాన్ని కొలిచిండ్రు, మా ఇద్దరిని కొలువలె. కొత్త పద్ధతిల ఏదీ కొలువమంటాన్రు. ఇరవై రెండు మగ్గాలు మా వాళ్లే కోసుకున్నరు, ఒప్పుకుంట. మా అతితెలివి అది. కోస్తే నూలిస్తమన్నట్టు రూలు పెట్టింది ఎవరు? ఇప్పుడు పోటీకి రమ్మంటాన్రు. వస్తం. ముందు పది దోనెల టేకు ఇప్పియ్యుండ్రి. అడవి సర్కారుదే కదా."

"అది సబ్సిడీ అవుతుందమ్మా. కొత్త ఆలోచనలో దానికి చోటు లేదు."

"కోసినప్పుడు దాన్ని ఏమన్నరు సారు?"

చాయ్ వచ్చిందని ఎవరో మైకులో చెప్పారు. బయటికి వస్తుంటే అక్క "చాయ్ తాగి పోదాం, అడిగి మరీ తిట్లు తిన్నోళ్లు పోసే చాయ్ మంచిగుంటది" అంది. తాగి వచ్చాం.

టేకు రాలేదు. రాతపూర్వకంగా నాలుగు దరఖాస్తులు పెట్టాను, ఒక్కదానికీ జవాబు లేదు. సారు మా కోసం నిజంగానే తిరిగాడు, ఆ మాట కూడా రాసుకున్నాను. ఆర్డరు వేరే ఊరికి పోయింది. మేం నమూనాకు నేసి ఇచ్చినవి మూడు.

ఆ ఏడాది చివరికి చౌకబట్ట నూలు పూర్తిగా ఆగింది. సగం మగ్గాలకు జంపఖానా రాదు, నేసే చీరకు గిరాకీ లేదు. ఒక్కో ఇల్లు బొంబాయి దగ్గరి భివండికి కదిలింది, అక్కడ మరమగ్గాల్లో కూలి దొరుకుతుందని. 1987 జూన్ 14, ఆదివారం, బావ ఇల్లు తాళం పడింది. ఆ పొద్దున అక్క వచ్చి గుంతలో కాళ్లు పెట్టింది. రెండు గంటలు నేశాం, ఎనిమిది అంగుళాలు.

"ఆడ ఒక్క మనిషే నాలుగు మగ్గాలు చూస్తడట చెల్లే. పక్కన ఎవ్వరు కూసోరట. నేనెవలతోని కొట్లాడాలె?"

"మగ్గాలతోని కొట్లాడు."

"అవి తిరిగి తిడుతయా?"

మధ్యాహ్నం స్టేషన్‌కు బయలుదేరుతూ బావ గుమ్మంలో నిలబడి అడిగాడు, "పడుగు అయిందా?"

"కాలే బావా."

"కానియ్యకు," అన్నాడు. పదేళ్లలో ఆయన నా మాట మీదికి వచ్చింది ఆ ఒక్కసారి.

ఒక తప్పు నాదీ ఉంది, దాన్ని దాచి లెక్క చెబితే లెక్క కాదు. ముడి వేసే ఉపాయం నేను మిగతా ఇళ్లకు చెప్పలేదు. బావ చెవిన పడుతుందని భయపడ్డాను. అంత చిన్న భయం. దసరా నాటికి ఇంకో రెండు వెడల్పు మగ్గాలు పడుగుతోనే ఉన్నాయి, ఆ ఇళ్ల ఆడవాళ్లకు ఒక్క మాట చెప్పి ఉంటే ఆ రెండూ ఉండేవేమో. సర్కారును నిలదీసిన నోటితోనే ఇది కూడా చెప్పుకోవాలి. చెప్పాక మళ్లీ నిలదీస్తాను.

ఇప్పుడు నాకు డెబ్బై ఎనిమిది. ఒక్కదానివి నేయలేని మగ్గం చోటు దండగ కదా, టేకుకు మంచి ధర ఉంది, కోయించి తలుపులు చేయించుకోరాదా అని అడిగేవాళ్లున్నారు. పడుగు ఎక్కి ఉంది, రంపం పెట్టడానికి లేదు అంటాను. ఏ చదువుకున్నాయన వచ్చినా అదే చెబుతాను.

లెక్క ఇది. మా వీధిలో వెడల్పు మగ్గాలు ఇరవై మూడు, కోసినవి ఇరవై రెండు. అతికించి చూసినవి మూడు, నిలిచినది ఏదీ లేదు. రంపానికి పోయిన టేకు అయిదున్నర అంగుళాలు. జోడీగా కూర్చున్నవాళ్లు నలభై ఆరు మంది, 1987 జూన్ నాటికి మిగిలింది నేనొక్కదాన్ని. ఎగుమతికి అడిగినవి రెండు వందలు, నేసినవి మూడు. భివండి పోయిన ఇళ్లు పద్నాలుగు, తిరిగి వచ్చినవి రెండు, అందులో అక్క ఇల్లు లేదు. నేయకుండా మగ్గం మీద మిగిలిన పడుగు పదకొండు అడుగుల నాలుగు అంగుళాలు.